లెక్కపెట్టని నాడి

మాష్టారి భార్య పోయిన రోజున ఆ ఇంట్లో గడియారం చూసిన మనిషి ఒక్కరే. ఆ ఒక్కరూ ఇంటిమనిషి కాదు.

అంబులెన్సులో ఇద్దరు వచ్చారు. పొడుగాటి డ్రైవరు ఒకాయన, నలభై దాటిన పారామెడిక్ ఒకావిడ. ఆవిడ మంచం పక్కన మోకాళ్లూని మాష్టారి భార్య మణికట్టు పట్టుకుంది.

"నాడి ఎంతుంది?" అని మాష్టారు అడిగారు. సైన్సు మాష్టారు కదా, ఆ ఒక్క ప్రశ్నే ఆయనకి తోచింది.

"ఒక్క నిమిషమండీ. లెక్కపెట్టకుండా చెప్పను."

ఆవిడ తల ఎత్తకుండానే ఆ మాట అంది. నిమిషమూ పూర్తిగా లెక్కపెట్టి, అప్పుడు చెప్పింది. తర్వాత రోగిని మడతకుర్చీలో కూర్చోబెట్టి, రెండంతస్తుల ఇరుకు మెట్లమీదుగా దించారు. "ఇంకో మూడు మెట్లమ్మా. ఇప్పుడు మలుపు. ఇప్పుడు కాస్త వంగుతుంది కుర్చీ, భయపడకండి." కింద వరండా చేరేదాకా ఆవిడ మాట ఆగలేదు. కుర్చీ ఒక్కసారి కూడా గోడకి తగల్లేదు.

వరండాలో గుండె ఆగింది. అక్కడే పడుకోబెట్టి ముప్ఫై ఎనిమిది నిమిషాలు పనిచేశారు. ఆవిడ ఫోనులో డాక్టరుతో మాట్లాడింది, చేతిగడియారం చూసింది, సమయం పైకి చెప్పింది. నాలుగూ పంతొమ్మిది.

ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే మళ్లీ పైకి వెళ్లింది. నేలమీద పడిన ప్లాస్టిక్ రేపర్లన్నీ ఏరింది. కుర్చీకి దారి కోసం పక్కకి లాగిన చెప్పుల స్టాండుని మళ్లీ దాని చోట పెట్టింది.

ఏడు వారాలైంది. చెప్పుల స్టాండు అక్కడే ఉంది.

* * *

బుధవారం సాయంత్రం మాష్టారు బడి నుంచి వచ్చేసరికి, ఆ స్టాండు పక్కనే ఆయన అక్కయ్య కాపుకాసి ఉంది. తమ్ముడి ఇల్లు నాలుగు రోజులు చక్కబెట్టి పోదామని వచ్చిన మనిషి, ఇంకా వెళ్లలేదు. చేతిలో ఒక కాగితం. ముఖంలో నిప్పులు.

"ఒరేయ్ తమ్ముడూ, నీ కూతురి ఘనకార్యం చూశావా? డ్రాయర్లో సబ్బుల కింద దాచిపెట్టింది."

"దాచలేదత్తా," లోపలి గదిలోంచి కూతురు అంది. "తడవకుండా పెట్టాను."

"సబ్బుల కిందా?"

"నువ్వు అక్కడ వెతకవనుకున్నా."

"చూశావా! అదే దాచడమంటే!"

కూతురు గుమ్మంలోకి వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తల్లి పెట్టిన ముద్దుపేరు పిచ్చుక. ఇప్పటికీ ఆ పేరుకి పెద్దగా అన్యాయం చెయ్యలేదు. కళ్లజోళ్ల షాపు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మెడలో షాపు కార్డు ఇంకా వేలాడుతోంది.

"అంబులెన్సులో చేరుతుందట," అక్కయ్య కాగితం ఆడించింది. "చల్లగా ఏసీలో కూర్చుని, వచ్చినవాళ్ల ముక్కుకి అద్దాలు తగిలించే పని చేదైపోయింది మహాతల్లికి."

"చేరడం కాదత్తా. ముందు శిక్షణ. రెండేళ్లు. ఈసారి పన్నెండు మందినే తీసుకుంటున్నారు."

"నువ్వు పదమూడోదానివి! నీ ఒళ్లు చూసుకున్నావుటే? గట్టిగా గాలేస్తే నిన్నే ఎవరో ఎత్తుకురావాలి. నువ్వు ఇంకొకళ్లని ఎత్తుతావా?"

"ఎత్తాలంటే బలం కాదు. పట్టు కావాలి."

"అబ్బో. ఆ మాట ఎవరు నేర్పారు?"

మాష్టారు చెప్పులు విడిచి, కాగితం అందుకుని, జవాబుపత్రం చదివినట్టు మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టారు.

ప్రథమచికిత్స ధ్రువపత్రం. దాని ఎదురుగా పిచ్చుక టిక్కు పెట్టింది. అంటే ఆదివారాలు షాపులో స్టాకు లెక్కలని చెప్పి వెళ్లింది ఆ క్లాసులకన్నమాట. డ్రైవింగు లైసెన్సు, టిక్కు. పెద్ద బండి లైసెన్సు ఏడాదిలోగా తెచ్చుకోవాలి. బరువు మోసే పరీక్ష, ఈ నెలాఖరున. ఇంటర్వ్యూ. స్కూలు ఆఖరి పరీక్షలో సైన్సు ఉత్తీర్ణత.

అక్కడ టిక్కు లేదు.

దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వెసులుబాటు ఉంది. సైన్సు తప్పినవారు ఈ ఏడు మళ్లీ రాయవచ్చు. ఈలోగా ఒక సైన్సు ఉపాధ్యాయుడు సంతకం చెయ్యాలి: 'ఈ అభ్యర్థిని మానవ శరీరానికి సంబంధించిన పాఠాలన్నింటిలో నేను స్వయంగా పరీక్షించాను. ఉత్తీర్ణత పొందగలదని నా నమ్మకం.' పక్కన సంతకానికి ఒక గడి. చివరి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు.

మాష్టారు ఆ గడి దగ్గర ఆగిపోయారు.

"అదుగో, అక్కడికే వచ్చావు కదూ," అంది అక్కయ్య. "ఆ సైన్సు ఎందుకు పోయిందో ఊరందరికీ తెలుసు. కన్నతండ్రే..."

"అక్కా."

"అనకపోతే జరగనిదైపోతుందా? రెండంటే రెండు మార్కులు! పక్కింటి పిల్లకైనా వేసేవాడివి."

పక్కింటి పిల్లకైనా వేసేవారు కాదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

తొమ్మిదేళ్ల కిందట, ఆఖరి సంవత్సరం ప్రాక్టికల్. కూర్చున్నప్పుడు నాడి ఎంత, ఇరవై మెట్లు ఎక్కి దిగాక ఎంత, లెక్కపెట్టి రాయాలి. గంట కొట్టేశారు. పిచ్చుక మణికట్టు మీద వేలు పెట్టకుండానే మొదటి గడిలో డెబ్బై రెండు అని రాసేసింది. పుస్తకంలో ఉన్న అంకె అది. బల్ల అవతల నిలబడి మాష్టారు చూశారు. ఎర్రకలంతో అడ్డంగా గీత కొట్టారు. మొత్తం మీద రెండు మార్కులు తక్కువై సైన్సు పోయింది. పిచ్చుక సైన్సు వదిలేసి వేరే చదువులోకి మళ్లింది.

భార్య వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఒకే మాట అంది: "ఆ ఎర్రకలం ఇకమీదట ఇంట్లోకి తేకండి."

ఆయన తేలేదు. తొమ్మిదేళ్లుగా ఎర్రకలం బళ్లోనే ఉంటోంది. ఇంట్లో నీలికలమే.

"మీ బళ్లో ఇంకో సైన్సు టీచరున్నారు కదా," మాష్టారు నెమ్మదిగా అన్నారు. నిజానికి 'మా బళ్లో' అనాలి. మాట తడబడింది. "ఆయన్ని అడగాల్సింది."

"అడిగాను నాన్నా. సోమవారం వాళ్లింటికెళ్లాను."

"ఏమన్నారు?"

"దాందేముందమ్మా, ఇటివ్వు అని కలం తీశారు. ఒక్క ప్రశ్న అడగలేదు."

"మరి?"

"అందుకే కాగితం వెనక్కి తీసేసుకున్నా."

అక్కయ్య నెత్తి కొట్టుకుంది. "తండ్రికి తగ్గ కూతురు! ఇంట్లో ఒకళ్లుంటే చాలదూ!"

మాష్టారు కాగితం నాలుగు మడతలు పెట్టారు. విప్పారు. మళ్లీ అదే గీతల మీద మడత పెట్టారు.

"నేనూ అడక్కుండా సంతకం పెట్టను," అన్నారు.

"తెలుసు."

"ఎనిమిది పాఠాలు."

"ఆరు వారాల్నుంచి చదువుతున్నా. రోజూ షాపులో మధ్యాహ్నం గంట ఖాళీ."

"రేపు నేను సెలవు పెడతాను," అన్నారు మాష్టారు.

భార్య పోయినప్పుడు ఇచ్చిన సెలవుల్లో కూడా మూడు రోజులు మిగుల్చుకుని బడికి వెళ్లిపోయిన మనిషి ఆయన.

* * *

గురువారం పొద్దున భోజనాలబల్ల ఖాళీ చేసి కూర్చున్నారు. మాష్టారు ప్రశ్న వేస్తారు, పిచ్చుక చెబుతుంది. ఎముకలయ్యాయి. కండరాలయ్యాయి. చదువు నిన్నటిది కాదని మొదటి పావుగంటలోనే ఆయనకి తెలిసిపోయింది. తెలియనిది వచ్చినప్పుడు పిచ్చుక ఊహించి చెప్పలేదు. "అది తెలీదు నాన్నా," అని ముందున్న కాగితం మీద రాసుకుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ మాట అంత శుభ్రంగా అన్న పిల్లలు ఆయనకి పదిమంది కూడా తగల్లేదు.

"తర్వాతది శ్వాస," అన్నారు.

"శ్వాస నాలుగోది నాన్నా. మూడోది వదిలేశావు."

"అది చివర్న చూద్దాం."

మూడో పాఠం గుండె. పిచ్చుక ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసి, నాలుగో పాఠం తీసింది.

మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఆ పారామెడిక్. యూనిఫాం లేదు, మామూలు బట్టల్లో ఉంది. అయినా మాష్టారు చప్పున పోల్చుకున్నారు.

"నేనే రమ్మన్నాను," అంది పిచ్చుక. "పట్టు చూపిస్తానన్నారు. బరువు పరీక్షకి."

అక్కయ్య ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విచారణ మొదలుపెట్టింది.

"నువ్వేనా డాక్టరమ్మా, మా పిల్లకి ఈ పిచ్చి ఎక్కించింది?"

"నేను డాక్టర్ని కాదండీ. పిచ్చి కూడా నేనెక్కించలేదు. మా స్టేషన్‌కి తనే వచ్చింది, నాలుగుసార్లు. మూడుసార్లు పంపించేశాను."

"నాలుగోసారి ఏమైంది మరి?"

"వాన పడుతోంది. పంపలేకపోయా."

మాష్టారికి నవ్వొచ్చింది. ఏడు వారాల్లో మొదటిసారి.

"ఇంతకీ దీనికేం చదవాలి?" అక్కయ్య వదల్లేదు. "దీనికి ఇదొక్కటే దారా?"

"మూడున్నాయండీ. స్కూల్లో సైన్సు పాసైనవాళ్లు నేరుగా కాలేజీకెళ్లి డిగ్రీ చెయ్యొచ్చు. సగం చదువు తరగతిలో, సగం బండిలో. రెండోది మీ అమ్మాయి దరఖాస్తు పెడుతున్నది. అంబులెన్సు సర్వీసువాళ్లే తీసుకుని, పని చేయిస్తూ నేర్పిస్తారు. మూడోది నేనొచ్చిన దారి. అది బాగా చుట్టు."

"అంటే?"

"నేను బస్సు డ్రైవర్నండీ. పదకొండేళ్లు నడిపా."

అక్కయ్య కళ్లు పెద్దవయ్యాయి. "బస్సా? అంత బస్సూ?"

"అంత బస్సే. ఒకరోజు బస్సులో ఒకాయన పడిపోయాడు. బండి ఆపాను. అంతే, నాకు వచ్చింది అదొక్కటే. వెనక్కెళ్లి చూస్తూ నిలబడ్డా. బస్సు నిండా జనం, అందరూ నా వంకే చూస్తున్నారు, డ్రైవరు కదా ఏదో చేస్తుందని." ఆవిడ గ్లాసు కింద పెట్టింది. "ఆ వారమే ప్రథమచికిత్స క్లాసులో చేరా. తర్వాత అంబులెన్సు డ్రైవరుగా మారా. నాలుగేళ్లకి సహాయకురాలు. అక్కడ్నుంచి పైకి పోవాలంటే సైన్సు కావాలన్నారు. ముప్ఫై ఆరేళ్లప్పుడు మా అబ్బాయీ నేనూ ఒకే హాల్లో పరీక్ష రాశాం. వాడికి నాకంటే మూడు మార్కులెక్కువ. ఇప్పటికీ దెప్పుతాడు."

"అంత చదివీ డాక్టరు కాదంటావు."

"కాదండీ. డాక్టరు దాకా మనిషిని చేర్చేదాన్ని." మాష్టారి వైపు చూడకుండా అంది. "ఒక్కోసారి చేర్చలేం."

అక్కయ్య ఆవిడ గ్లాసు మళ్లీ నింపింది.

"ఆ రోజు," అన్నారు మాష్టారు. "ఆ రోజు మీరు మళ్లీ పైకొచ్చి చెప్పుల స్టాండు సర్దారు. ఎందుకని?"

ఆవిడ తడుముకోలేదు. "మేం జరిపాం కదండీ. అలాగే వదిలేస్తే, తర్వాత ఇంట్లోవాళ్లు సర్దుకోవాలి. ఒక్కొక్కటీ ముట్టుకున్నప్పుడల్లా అది ఎందుకు జరిగిందో గుర్తొస్తుంది."

"అది శిక్షణలో నేర్పుతారా?"

"లేదండీ. నాతో మొదట పనిచేసిన పెద్దాయన సర్దేవాడు. ఆయన్ని చూసి నేర్చుకున్నా."

మాష్టారు తల ఊపారు. పాఠ్యప్రణాళికలో లేని దాన్ని పాఠంగా చెప్పినవాళ్లంటే ఆయనకి మొదట్నుంచీ గౌరవం.

బరువు పరీక్షకి మడతకుర్చీ లేదు కాబట్టి, చేతులున్న చెక్కకుర్చీ మెట్ల దగ్గరికి తెచ్చారు. దానిమీద పాత పాఠ్యపుస్తకాలు పేర్చి తాడుతో కట్టాలని పిచ్చుక ఆలోచన.

"పుస్తకాలు భయపడవు," అంది పారామెడిక్. "మనిషైతే మేలు."

అందరూ అక్కయ్య వైపు చూశారు.

"నేనా! నా వయసేంటి, నా బరువేంటి!"

"బరువు సరిగ్గా సరిపోతుందత్తా."

"నోర్ముయ్. పడేశావంటే మీ అమ్మ మీద ఒట్టు, మళ్లీ నీతో..." మాట మధ్యలో తెగిపోయింది. అక్కయ్య వెళ్లి కుర్చీలో కూర్చుంది. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకోబోయింది.

"చేతులు ఒళ్లో పెట్టుకోండి," అంది పారామెడిక్. "మీరు గోడనో కమ్మీనో పట్టుకుంటే ముగ్గురం పడతాం."

ఆవిడ కింది వైపు పట్టుకుంది. పిచ్చుక పైవైపు. నడుము వంచకుండా మోకాళ్లు వంచడం, మోచేతులు ఒంటికి ఆనించుకోవడం, ఒకరి లెక్కకే ఇద్దరూ కదలడం, అన్నీ ఆవిడ ఒక్కసారే చెప్పింది. కుర్చీ లేచింది.

మాష్టారు మెట్ల పైన నిలబడి చూశారు. పిచ్చుక చేతుల మీద నరాలు తేలాయి. మొదటి నాలుగు మెట్లూ అక్కయ్య కళ్లు మూసుకుంది.

"చెప్పు," అంది కింది నుంచి పారామెడిక్. "ఆవిడకి చెబుతూ ఉండు. నాకు కాదు."

"ఇంకో మూడు మెట్లత్తా," అంది పిచ్చుక. ఆయాసపడుతోంది, కానీ మాట నిలకడగా ఉంది. "ఇప్పుడు మలుపు. కుర్చీ కాస్త వంగుతుంది. భయపడకు, పట్టుకున్నాను."

అవే మాటలు. అవే మెట్లు.

అక్కయ్య కళ్లు తెరిచింది. కమ్మీ పట్టుకోలేదు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పైన నిలబడిన తమ్ముడి వంక ఒక్కసారి చూసి, మళ్లీ ముందుకి తిరిగింది.

వాళ్లు కింద వరండా దాకా వెళ్లి, ఆగకుండా పైకి తెచ్చారు. కుర్చీ మలుపులో ఒకచోట గోడని గీరింది. సున్నం రాలింది.

"ఒక తప్పు," అంది పిచ్చుక వగరుస్తూ.

"ఒకటే," అంది పారామెడిక్. "నేను మొదటిసారి రోగినే గోడకి కొట్టా. నెలాఖరుకి ఇంకా పదిహేను రోజులుంది. రోజూ చెయ్యి."

అక్కయ్య కుర్చీలోంచి లేచి కొంగు సర్దుకుంది. ఎవరి వంకా చూడలేదు.

"భయమెయ్యలేదు," అంది ఎవరితోనో అన్నట్టు. "పాపం దానికీ వేసుండదు."

ఆ 'దానికీ' ఎవరో ఎవరూ అడగలేదు. అక్కయ్య లోపలికి వెళ్లి టీ పెట్టింది. పారామెడిక్‌కి రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసి ఇచ్చింది.

* * *

శుక్రవారం పొద్దున్నకి ఏడు పాఠాలయ్యాయి. ఏడింటిలోనూ పిచ్చుక నిలబడింది. మాష్టారు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చున్నారు. దరఖాస్తు ముందు పెట్టి ఉంది. పక్కన నీలికలం.

"పెట్టెయ్ రా," అంది అక్కయ్య వంటింట్లోంచి. గొంతులో మొన్నటి మంట లేదు. "ఏడు చెప్పింది కదా. ఎనిమిదోది చెప్పలేదా ఏంటి?"

"పాఠాలన్నింటిలో అని రాసుంది అక్కా."

"రాసినవాడు వచ్చి చూస్తాడా?"

పిచ్చుక మూడో పాఠం తెరిచి ఆయన ముందుకి జరిపింది. గుండె బొమ్మ. నాలుగు గదులు, బాణం గుర్తులు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి ఏడూ నల్లబల్ల మీద చూడకుండా గీసిన బొమ్మే.

ఆయన నోరు తెరిచారు. మొదటి ప్రశ్న ఏమిటో తెలుసు. మాట మాత్రం రాలేదు.

పిచ్చుక కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది.

"నాన్నా, ఆ రెండు మార్కుల మీద నాకు తొమ్మిదేళ్లుగా కోపం," అంది. "ఇప్పుడూ ఉంది. అది పోయిందని చెప్పను. కానీ ఆ రోజు నువ్వు అడిగితే, ఆవిడ లెక్కపెట్టకుండా చెప్పనంది చూడు. అమ్మ చెయ్యి పట్టుకుని. అప్పుడు నాకు..." ఆగిపోయింది. "చెయ్యి ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"ఆ పాఠంలో ప్రాక్టికల్ ముందు చేసేస్తా. నువ్వేం అడగక్కర్లేదు."

ఆయన చెయ్యి చాపారు. పిచ్చుక మూడు వేళ్లు ఆయన మణికట్టు మీద ఆనించి, గోడగడియారం వంక చూసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

సగం నిమిషం గడిచిందనిపించాక ఆయన అడిగారు. "ఎంత?"

"ఇంకా అవలేదు."

సెకన్ల ముల్లు పూర్తిగా తిరిగొచ్చింది.

"తొంభై నాలుగు," అంది పిచ్చుక.

పుస్తకంలో డెబ్బై రెండు అనే ఉంది. ఆమె నోటుపుస్తకంలో తొంభై నాలుగని రాసి ఆయన వైపు తిప్పింది. మాష్టారు నీలికలం తీసి, ఆ అంకె పక్కన టిక్కు పెట్టారు.

తర్వాత పుస్తకం మూసేశారు. బడికి టైమైంది. దరఖాస్తు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డారు. పిచ్చుక ఆపలేదు. "నాలుగున్నరకి స్కూలు గేటు దగ్గరుంటా నాన్నా, మిగతావి అక్కడ అడుగు," అంది. అంతే.

దరఖాస్తు సాయంత్రం ఐదింటికి చేరాలి. సంతకం గడి ఖాళీగా ఉంది. గుండె పాఠంలో ఆయన ఇంకా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.